కాయ చెప్పినట్టే కమాను

నూజివీడు స్టేషన్లో రైలు దిగితే నూజివీడు కనపడదు. స్టేషను హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. ఊళ్ళోకి రావాలంటే అక్కణ్ణుంచి వాయవ్యంగా మెట్టకెక్కి చాలా దూరం పోవాలి. 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వాళ్ళు కటకం నుంచి బెజవాడ దాకా పట్టాలు పరిచినప్పుడు పల్లపు భూముల వెంబడి సాఫీగా పోయారు. మామిడేమో ఎర్రచెలకలో, గరుకు నేలలో, కాలవ నీళ్ళు ఎక్కని చోట పెరిగింది. చెట్టుకూ రైలుకూ మధ్య మిగిలిపోయిన ఆ దూరాన్ని కాయ చేత దాటించడానికి తాతల నాటి నుంచి మేం పడ్డ పాట్లే ఈ ప్రాంతపు బండ్ల చరిత్ర. జమీందారుల మీదా కోటల మీదా రాసేవాళ్ళు ఎటూ ఉన్నారు. నాకు కమాను పట్టీల గురించి రాయాలనుంది.

ముందు కాయ సంగతి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎటు పోయినా తోటలే. చిన్నరసం, పెద్దరసం జుర్రుకునే పళ్ళు. బంగినపల్లి కోసుకు తినేది. కలెక్టరు కాయ, అదే తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే మొండి ఘటం. చెట్టు మీంచి చిక్కంతో దింపేటప్పుడు అన్నీ గట్టిగానే ఉంటాయి. దారిలో తగిలిన దెబ్బ పచ్చికాయ మీద కనపడదు. గడ్డిలో వేసి మాగబెట్టాక, తొక్క పసుపు తిరిగే వేళకి, దెబ్బ తగిలిన చోట మెత్తబడి నల్లగా బయటపడుతుంది. అప్పటికి కాయ ఏ నాగపూర్లోనో ఢిల్లీలోనో ఉంటుంది, తిట్లు మాత్రం బెజవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్ మీదుగా మా ఇంటికొస్తాయి. తొడిమ విరిగితే కారే జీడి ఇంకో బాధ. పక్క కాయ మీద పడితే చారికగా కాలుతుంది. సిమెంటు బస్తాలు మోసే బండి ఎంత ఎగిరిపడినా సిమెంటుకు నొప్పి లేదు. మా సరుకు అలా కాదు. అందుకే ఇక్కడి బండ్లలో జరిగిన మార్పుల్లో ముఖ్యమైనవి డ్రైవరు సుఖం కోసం జరిగినవి కావు, ఇంజను బలం కోసమూ కావు. కాయ అడిగింది, బండి మారింది.

ఎడ్లబండి రోజుల్లోనే ఇది మొదలైంది. చెక్క చక్రానికి ఇనప పట్టా, కింద కంకర బాట. బండిలో వరిగడ్డి మందంగా పరిచి, గంపల మధ్య సందుల్లో కూడా గడ్డి కూరి, చల్లబడ్డాక బయల్దేరేవాళ్ళు. ఇరుసుకు కందెన వేయడం బండి తోలేవాడి పనే. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి వెదురు గొట్టంలో పోసి బండికే వేలాడదీసేవాళ్ళు. తర్వాత రబ్బరు టైరు బండ్లు వచ్చాయి. మా తాత దృష్టిలో ఈ ఇలాకాలో జరిగిన అతి పెద్ద విప్లవం అదే. స్వరాజ్యం దాని తర్వాత.

మెట్టరైతుకు ఇంజను విద్య అబ్బింది మాత్రం బావిగట్టు మీద. పూనాలో 1946లో పెట్టిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ వాళ్ళ సరుకూ, దాన్ని పోలిన ఇతర ఇంజన్లూ తోటల్లోకి దిగాక, హ్యాండిలు వేసి తిప్పడం, నోజిలు విప్పి కడగడం, బెల్టుకు మైనం రాయడం పిల్లలకు కూడా తెలిసిపోయింది. ట్యాంకులో డీజిలు అడుగంటితే గొట్టంలోకి గాలి జొరబడుతుంది. అప్పుడు ఇంజను ఎంత తిప్పినా అంటుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా చేత్తో పంపు కొట్టి, మళ్ళీ బిగించాలి. ఈ ఒక్క పని వచ్చినవాడు నడిరోడ్డు మీద ఆగిపోయిన లారీని కూడా లేపగలడు. బావి ఇంజనులో ఉన్న గాలీ, జీపులో ఉన్న గాలీ ఒకటే కదా!

జీపు మాకు యుద్ధం పుణ్యమా అని వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న డిస్పోజల్ బండ్లు దేశమంతా వేలంలో పోయాయి. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపు విడిభాగాలు అమెరికా నుంచి తెప్పించి బొంబాయిలో బిగించడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టింది. పెట్రోలు తాగే ఆ జీపు కాంట్రాక్టరుకో అధికారికో తప్ప రైతుకు అందే వస్తువు కాదు. ముసలిదై, రంగు పోయి, చేతులు మారి మారి వచ్చినప్పుడు మాత్రం మా దగ్గరకు చేరేది. వెనక సీట్లు పీకేసి, పక్క రేకులు కోసి, చెక్కల తొట్టి కట్టేవాళ్ళు. ముందు చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి గడ్డివామి పక్కన పడేసేవాళ్ళు. ఫోర్ వీల్ మాకెందుకు, అరుగుదలా పెట్రోలు ఖర్చూ తప్ప, అనేది లెక్క. పికప్ అన్న మాట ఈ పల్లెలకు చేరకముందే పికప్ ఇక్కడ ఉంది.

1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు జీపు గుదిబండైంది. దాని కడుపులో డీజిల్ ఇంజను పెట్టించడం అన్ని ఊళ్ళలోనూ ఒక పరిశ్రమగా పెరిగింది. కంపెనీ కూడా అదే దారి పట్టింది. ఇక్కడ కథలో నాకు చాలా ఇష్టమైన మలుపు ఉంది. 1963లో మహీంద్రా వాళ్ళు అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. అందులో తయారైన బి-275 ట్రాక్టరు ఆంధ్రదేశంలో తెలియని పల్లె ఉండదు. 1970ల్లో జీపుకు డీజిల్ ఇంజను కావలసి వచ్చినప్పుడు ఆ ట్రాక్టరు ఇంజన్నే సవరించి, ఎండీ 2350 అని పేరు పెట్టి జీపులో దించారు. అంటే ఏమైంది? పొలంలో బి-275 విప్పి బిగించిన ప్రతి మేస్త్రీ ఇంకే పాఠమూ చదవకుండా జీపు మేస్త్రీ అయిపోయాడు. వాల్వుల సందు చూడటం అదే, మైకో పంపు అదే, హెడ్డు గ్యాస్కెట్ పోయిన గుర్తులూ అవే. తర్వాత 1979లో ఫ్రాన్సు ప్యూజో కంపెనీతో లైసెన్సు కుదుర్చుకుని ఇంకో డీజిల్ ఇంజను తెచ్చారు. మెత్తగా నడుస్తుంది, శబ్దం తక్కువ, టౌను వాళ్ళకు నచ్చింది. మావాళ్ళకు మాత్రం పొద్దున్నే హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా కూర్చోవడం నచ్చలేదు. ట్రాక్టరు ఇంజను దడదడలాడినా అది తెలిసిన గొడవ.

1980ల మధ్యలో జపాను వాళ్ళు వచ్చారు. టయోటా, నిస్సాన్, మాజ్డా, మిత్సుబిషి, నాలుగు కంపెనీలు నాలుగు భారతీయ సంస్థలతో కలిసి చిన్న లారీలు దించాయి. అందులో నిస్సాన్ అప్పటి మన రాష్ట్రానిది. ఫ్రిజ్‌లూ, చేతి గడియారాలూ, ఆర్టీసీ బస్సు బాడీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళే జహీరాబాద్‌లో ఆ లారీలు చేశారు. బండ్లు మంచివే. కానీ 1985 తర్వాత యెన్ విలువ పెరిగిపోయి, అక్కణ్ణుంచి తెచ్చే భాగాలు మంట పుట్టించాయి. 1986లో టాటా 407 రంగంలోకి దిగాక పోటీ ఎటు తిరిగిందో అందరికీ తెలుసు. ఆ దశాబ్దం చివరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతుల్లోకి పోయింది. మా తోటల వరకు చెప్పాలంటే 407 కూడా పెద్దదే. నున్న దాకా పోయే లోడుకు సరే, కొమ్మల కింద తిరగడానికి కాదు. 1988లో టాటా మొబైల్ 206, దాని వెనక 207, ఇంకోపక్క జీపు ముక్కు పోని మహీంద్రా పికప్‌లూ వచ్చాక చెట్టు మొదటి దాకా పోయే బండి రైతుకు దొరికింది.

మా నాన్న కొన్నది ఆ రెండో రకం, చేతులు మారిన సరుకు. ముందు యజమాని దానితో కంకర తోలించాడు. వెనక కమానుల్లో కంపెనీ ఇచ్చిన పట్టీలు కాక పైన ఇంకో రెండు మందపాటి పట్టీలు ఎక్కించి ఉన్నాయి. ఖాళీగా పోతుంటే రోడ్డు మీది వేరుశెనక్కాయ తొక్క కూడా నడుముకు తెలిసేది. నాన్నకు అది బలంగా కనపడింది. సాయిబుగారు మేస్త్రీ బండి కిందికి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఒకటే అన్నారు: "బాబుగారూ, కంకరకి బిగువు కావాల. కాయకి ఊపు కావాల. ఏది తోలతారో చెప్పండి."

దీని వెనక లెక్క ఉంది. పట్టీ వెడల్పూ పొడుగూ అదే ఉండి మందం రెట్టింపైతే దాని బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అందుకే పట్టీల సంఖ్య కంటే మందం ముఖ్యం. రెండు మందపు పట్టీలు తీసేస్తే కమాను స్వభావమే మారిపోతుంది. గుంటలో పడ్డప్పుడు చక్రం పైకి లేచి, బాడీ నెమ్మదిగా ఊగుతుంది, ఎగరదు. మరి బరువు? దానికీ మా ప్రాంతంలో పద్ధతి కుదిరింది. తీసిన పట్టీని పారేయకుండా, వంపు తగ్గించి, మెయిన్ సెట్టు పైన హెల్పరుగా పెట్టిస్తారు. రసాలు తక్కువ ఎత్తున వేసుకుని పోయేటప్పుడు అది దేన్నీ తాకదు. కలెక్టరు కాయ నిండుగా ఎక్కి బాడీ కిందికి దిగినప్పుడు మాత్రమే దిమ్మెలకు ఆనుకుని పని మొదలుపెడుతుంది. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు, లారీల్లో ఎప్పట్నుంచో ఉంది. ఏ కాయకు ఎక్కడ ఆనాలి అన్న సందు మాత్రం మేస్త్రీలు మామిడిని చూసి నిర్ణయించారు.

కమాను పని ఇంట్లో చేసుకోదగ్గదే, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే. ఛాసిస్‌ను జాకీ మీద కాకుండా దుంగల మీద నిలబెట్టాలి. యూ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజే కిరసనాయిలో డీజిలో పోసి ఉంచాలి. సెంటర్ బోల్టు విప్పేముందు పట్టీల సెట్టును రెండు క్లాంపులతో పట్టి ఉంచకపోతే, వంపులో దాచుకున్న బలమంతా ఒక్కసారి విడుదలై మోకాలు తీస్తుంది. పట్టీల అంచులు ఒకదాన్నొకటి కోసుకున్న చోట గాడి పడుతుంది, అక్కడే రేపు విరిగేది. ఆ గాడి గోటికి తగిలితే పట్టీ మార్చాల్సిందే. మధ్యలో గ్రీజు పూసి బిగిస్తే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారతాయి, కిచకిచ పోతుంది. షాకిల్ బుష్‌లు లేతు మీద గన్‌మెటల్‌తో తీయించుకునేవాళ్ళం. ఇప్పుడు రబ్బరువి కొట్లో దొరుకుతున్నాయి. యూ బోల్టులు బిగించి ఒక లోడు తోలాక మళ్ళీ పానా పెట్టి చూడాలి, ఎంతోకొంత తిరుగుతాయి. చాలామంది చేయని పని ఇదే.

తర్వాతిది తొట్టి అడుగు. ఇనప రేకు మామిడికి పనికిరాదు. ఎండకు కాలుతుంది, చితికిన కాయ పులిసిన రసం నిలిచి రేకును తినేస్తుంది. అందుకని తుమ్మ చెక్క పలకలు, వేలు పట్టేంత సందుతో. కింది నుంచి గాలి ఆడుతుంది, రసం కారిపోతుంది. పైన వరిగడ్డి. నా చిన్నతనంలో లోడంటే గడ్డి మీద పోతగా పోసిన కాయే. తర్వాత ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. గడ్డి తగ్గింది. ట్రేలు వచ్చాక తొట్టి కొలతలు కూడా వాటి చేతికే పోయాయి. బాడీ కట్టించేటప్పుడు బయట ఎంత వెడల్పని ఎవరూ అడగరు, అడ్డంగా ఎన్ని ట్రేలు పట్టాలి అని అడుగుతారు. పలకల మీద నిలువునా సన్నటి ఇనప బద్దలు వేస్తే ట్రే ముందుకు తోసిన వెంటనే జారుతుంది, కూలీల నడుములు బతుకుతాయి.

పైకప్పు మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కోసిన కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఊపిరితో పాటు వేడి పుట్టిస్తుంది. టార్పాలిన్ కప్పి నాలుగు వైపులా తాళ్ళు బిగించినవాడు కాయను బండిలోనే ఉడకబెడుతున్నాడు. కమ్మీలు వంచి, మీద నీడ వల వేసి, వెనక తెరిచి ఉంచాలి. వానొస్తే పట్టా అప్పుడు లాగొచ్చు. సాయంత్రం ఎక్కించి, తెల్లారేలోపు మార్కెట్టుకు చేరే ఆచారం ఇందుకే. రాత్రి పని కాబట్టి బండి వెనక కింది వైపు ఒక దీపం కూడా అవసరమైంది. ట్రాక్టరు దీపం ఒకటి తెచ్చి, విడిగా ఫ్యూజు పెట్టి, స్విచ్చి డ్రైవరు పక్కన బిగించాను. తోటలో వెనక్కి తీసేటప్పుడు కాలవ గట్టు కనపడుతుంది. కొమ్మలు తగలకుండా పక్క అద్దాలు మడిచే కీలు పెట్టించుకోవడం, క్యాబిన్ మీది క్యారియరు పీకేయడం ఇక్కడ అందరూ చేసేదే.

మా దగ్గర బండికి పండగ శివరాత్రికీ ఉగాదికీ మధ్య వస్తుంది. పూత కాలమంతా దాని మీద డ్రమ్మూ పంపూ పెట్టి మందు కొట్టించి ఉంటాం. ఆ మందు నీళ్ళు ఛాసిస్ మూలల్లో చేరతాయి. గట్టిగా కడిగి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూయాలి. గేరు బాక్సు, డిఫరెన్షియల్ ఆయిలు చూడాలి. వీల్ బేరింగులకు పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాలి. ఎండలు ముదరకముందే రేడియేటరు. మెట్ట బోరునీళ్ళలో సున్నం ఎక్కువ, లోపల పొర కడుతుంది. చింతపండు పులుసు నింపి, ఇంజను కాసేపు తిప్పి, వదిలేసి మంచినీళ్ళతో కడిగేవాళ్ళం. రాగి, ఇత్తడి రేడియేటర్లు దాన్ని తట్టుకున్నాయి. ఇప్పుడొచ్చే అల్యూమినియం వాటిలో ఎవరైనా పులుసు పోస్తే వాళ్ళ ఖర్మ. కూలెంటు కొనుక్కోండి.

ఇంట్లో కాని పనికి బెజవాడ ఆటోనగర్ ఉంది. కృష్ణా జిల్లా లారీ యజమానుల ధర్మమా అని 1960ల నుంచి పెరిగిన ఊరు అది. ఊరనే అనాలి. పాత యాక్సిలు విప్పేవాడి పక్కన బాడీ కట్టేవాడు, వాడి పక్కన కమాను పట్టీ నిప్పుల్లో కాల్చి వంపు తెచ్చేవాడు. కంపెనీ పుస్తకంలో దొరకని భాగం పాత సామాన్ల కొట్లో దొరికేది, ఏ ఏడాది బండిదో చెప్పనక్కర్లేదు, పాత ముక్క చేతిలో పెడితే చాలు. నూజివీడులో నేర్చుకున్న మేస్త్రీలు చాలామంది అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళే.

చట్టం మాట దాటేయలేను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మా ఊళ్ళలో దీని మీద చాలా గొణుగుడు ఉంది. నా వరకు నేను రెండు రకాలుగా చూస్తాను. పక్క చెక్కలు ఎత్తు పెంచి, పట్టీలు ఎక్కించి, బ్రేకులు మాత్రం అవే ఉంచి రెట్టింపు లోడు వేసేవాడు రోడ్డు మీద మందిని చంపడానికి పోతున్నాడు. వాడికి జరిమానా తక్కువే. తక్కువ బరువుకు ఒప్పుకుని బిగువు తగ్గించుకున్నవాడి మీద అదే కర్ర ఎత్తితే న్యాయం కాదు. కాగితం మీద మాత్రం ఇద్దరం ఒకటే.

2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న రైతులు చాలామంది పాత పికప్‌లు అమ్మేశారు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6. కామన్ రెయిలు, సెన్సార్లు, బుర్రగా ఒక చిన్న పెట్టె. బావి ఇంజను దగ్గర మొదలై ట్రాక్టరు మీదుగా జీపుకు పాకిన విద్య అక్కడ చెల్లదు. అందులో ఒత్తిడి ఎంతంటే, ఇంజను తిరుగుతుండగా గొట్టం నట్టు వదులు చేస్తే డీజిలు చర్మాన్ని కోసి లోపలికి పోతుంది. మా బాబాయి కొడుకు స్కానరు పెట్టి కోడు చదివి, ఫలానా సెన్సారు అంటాడు. బాగానే చెప్తాడు, కాదనను. పాత బండి మీద మాత్రం వాడికి గౌరవం లేదు. "అన్నయ్యా, దాన్ని స్క్రాప్‌కి ఇచ్చెయ్, సర్టిఫికెట్ మీద కొత్తదానికి పన్ను తగ్గుద్ది," అని ప్రతి సీజనుకూ అంటాడు. నేను ఇవ్వను. తోటలోంచి రోడ్డు దాకా అదే తోలుతున్నాను.

2022 ఏప్రిల్లో నూజివీడును కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. ఆ తర్వాతి సీజనులోనే మావాడు కొత్త పికప్ దించాడు. ఫైనాన్స్, ఫాస్టాగ్, అన్నీ బ్రహ్మాండం. మొదటి లోడు రసాలు నున్నలో దిగాక కమీషను కొట్టు వాళ్ళు కాయ తిప్పి చూపించారు, అడుగు ట్రేలన్నీ దెబ్బలే. మర్నాడు వాడే బండి తెచ్చి మా చింతచెట్టు కింద ఆపాడు. షోరూము వాళ్ళు వారంటీ పోతుందని ముందే చెప్పారట. దుంగలు పెట్టి, యూ బోల్టులు విప్పి, వెనక చెరో పట్టీ తీసి, హెల్పరు సందు వేలెడు పెంచాం. ట్రేలు ఇప్పుడు ఒక వరస తక్కువ వేస్తున్నాడు.